మూడు ప్రశ్నల దుకాణం

మా మామగారు పెట్టిన రైళ్ళ దుకాణం అరవై రెండేళ్ళు నడిచింది. నిజం రైళ్ళు కావు, చేతిలో పట్టేవి. వాటిని బొమ్మ రైళ్ళంటే మా ఆయన మొహం గంటు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోతారు. నమూనా రైళ్ళు అనాలి. ఆ ముక్క తెలియక పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులు ఎంతమంది వట్టి చేతులతో వెనక్కి పోయారో నాకు లెక్క తెలియదు గానీ, ఎదురుగా ఉన్న బంతుల దుకాణం వాడు మాత్రం వాళ్ళ పుణ్యాన మేడ కట్టాడు.

దుకాణం మూసెయ్యాలని తేలిపోయి ఏడాది అయింది. కొనేవాళ్ళు లేరు. మా అబ్బాయికి యాభై దాటాయి. చిన్నప్పటి నుంచీ ఆ బల్ల ముందే కూర్చుని, బియ్యపుగింజంత కిటికీలకి రంగులు వేశాడు. చెయ్యి ఇప్పటికీ వణకదు. ఆ చెయ్యి చూసే కట్టుడు పళ్ళు తయారుచేసే ఆవిడ పనిలోకి రమ్మంది. వచ్చే నెల మొదటి సోమవారం పొద్దున్నే రావాలి, రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానని తేల్చి చెప్పింది. ఈ వయసులో వాణ్ణి రమ్మని పిలిచేవాళ్ళు ఇంకొకరు దొరకరని మా అందరికీ తెలుసు. మా ఆయనకీ తెలుసు.

మా కోడలు చకచకా పని కానిచ్చింది. పక్క ఊరి దుకాణం వాళ్ళతో మాట్లాడి పెట్టెలూ పట్టాలూ వంతెనలూ అన్నీ ఒకే వ్యానులో ఎక్కించి పంపేసింది. మా ఆయన నోరెత్తలేదు. ఇంత సులువుగా ఒప్పుకున్నారేమిటా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. వ్యాను వీధి మలుపు తిరిగాక గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పారు. ఒకటో నంబరు ఇంజన్ వ్యానులో ఎక్కలేదు. అది మామగారు గడియారాల రిపేరు మానేసి, గడియారం రేకులతోనే మొట్టమొదట చేసిన ఇంజన్. దుకాణం దానితో మొదలైంది, దానితోనే ముగియాలి. తగిన మనిషికి అమ్మేదాకా షట్టరు దిగదు.

తగిన మనిషి అంటే మా దుకాణంలో పరీక్ష పాసైన మనిషి. ఇది మామగారు పెట్టిన పద్ధతి. ఎవరికి పడితే వారికి ఇంజన్ అమ్మరు. మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎక్కడ నడుపుతావు? పట్టాలు తప్పితే ఏం చేస్తావు? ఎవరితో కలిసి నడుపుతావు? మూడింటికీ సరైన జవాబు చెబితేనే పెట్టె కడతారు. డబ్బు జేబులో పెట్టుకుని వచ్చి, తప్పు జవాబు చెప్పి, తలవంచుకుని వెళ్ళినవాళ్ళలో ఒక జడ్జిగారు కూడా ఉన్నారు. పెళ్ళి సంబంధాలకి కూడా ఇంత వడపోత ఉండదని మా అమ్మ అనేది. నన్ను చూడటానికి వచ్చినప్పుడు మామగారు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు మరి.

సరే, అమ్మకం సంగతి జనానికి తెలియాలి కదా, బోర్డు రాయించమన్నాడు మా అబ్బాయి. మా ఆయన ముప్పై ఏళ్ళుగా మాకు రాసిపెడుతున్న పెయింటరుకే కబురు పెట్టారు. మూడు రోజులు కళ్ళద్దాలు పెట్టుకుని కష్టపడి తెచ్చాడు. దుకాణం మూసివేత, ఒకటో నంబరు ఇంజన్ అమ్మకం, చుట్టూ ఎర్ర అంచు, మూలల్లో పువ్వులు. అంతా కలిపి నా బొటనవేలి గోరంత. మేము ఎప్పుడు ఏం రాయించినా చిట్టి స్టేషన్లకి అతికించే బోర్డులే. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. కోడలు నెత్తి కొట్టుకుంది. పెయింటరుకి రోషం వచ్చింది. "ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా అంగుళం దాటిన పని ఇచ్చారా? అడక్కుండా పెద్దది రాస్తే మళ్ళీ మీరే తిడతారు" అన్నాడు. మా ఆయన భూతద్దం పెట్టి చూసి, అక్షరం ఎక్కడా వంకర పోలేదని వాణ్ణి మెచ్చుకుని, దాన్ని తలుపుకి గుండుసూదితో గుచ్చారు. వారం రోజులు ఒక్క మనిషి రాలేదు. ఒకాయన ఆగి చూశాడు గానీ, ఈగ అనుకుని విదిలించబోయాడు.

రెండో వారం కోడలు దుప్పటంత అట్టమీద తనే రాసి కట్టింది. అప్పుడు వచ్చారు జనం. ఎక్కడున్నారో ఇన్నాళ్ళూ! వచ్చిన ప్రతివాళ్ళూ అయ్యో అనేవారే. ఒక పెద్దమనిషి గోడ పట్టుకుని నా బాల్యమంతా ఇక్కడే గడిచిందని కళ్ళు తుడుచుకున్నాడు. ఏం కొన్నారండీ అని అడిగాను. ఏమీ కొనలేదట, అద్దంలోంచి చూసేవాడట. ఆ అద్దం మీద ముక్కు ముద్రలు పొద్దునా సాయంత్రం తుడిచింది నేనే. ఇంకొకావిడ మీరు మూసేస్తే ఈ వీధి వీధిలా ఉండదంది. ఆవిడ ఈ వీధిలోనే ఇరవై ఏళ్ళుగా ఉంటోంది, గడప తొక్కడం అదే మొదటిసారి. వారపత్రిక అబ్బాయి కెమెరా పట్టుకొచ్చి మా ఆయన్ని కొంచెం ఏడవమన్నాడు. ఈయన ఏడవరు. చివరికి ఆ అబ్బాయి నన్ను కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకోమన్నాడు. పోనీలే, కుర్రాడు ఎండలో పడి వచ్చాడు కదా అని పెట్టుకున్నాను. పత్రికలో బాగానే పడ్డాను.

రైలు ప్రియుల సంఘం వాళ్ళయితే కుర్చీలు అద్దెకి తెచ్చుకుని మా దుకాణంలోనే సంతాప సభ పెట్టారు. అధ్యక్షుడు ముప్పావు గంట మాట్లాడాడు. ఈ దుకాణాన్ని కాపాడుకోవడం మనందరి బాధ్యత అన్నాడు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. నిక్షేపంలా బతికి ఉన్న మా ఆయన కూడా వాళ్ళతో పాటు తల వంచుకుని నిలబడ్డారు. సభ అయ్యాక మా కోడలు మర్యాదగానే అడిగింది, మరి ఆ ఒక్క ఇంజనూ మీ సంఘమే తీసుకుంటుందా అని. అధ్యక్షుడు నొచ్చుకున్నాడు. "మా సంఘం ఆశయం ప్రేమించడమమ్మా, కొనడం కాదు" అన్నాడు.

నిజంగా కొందామని వచ్చినవాళ్ళూ ఉన్నారు, అబద్ధం ఆడకూడదు. వాళ్ళని మా ఆయన పరీక్ష పెట్టి పంపేశారు. ఒకాయన అద్దాల బీరువాలో పెడతానన్నాడు. ఇంజన్ని జైల్లో పెడతావా అని మొదటి ప్రశ్నకే తప్పించారు. ఇంకొకాయన పట్టాలు తప్పితే ఎత్తి మళ్ళీ పెడతానన్నాడు. తప్పు. ముందు కరెంటు తియ్యాలి, తర్వాత పట్టా చూడాలి. మూడో ఆయన ప్రశాంతంగా ఒక్కణ్ణే నడుపుకుంటానన్నాడు. ఒకరు నడపాలి, ఇంకొకరు జెండా ఊపాలి, అది మామగారి నియమం. వీళ్ళ సంగతి సరే. శుక్రవారం ఒక డాక్టరమ్మ వచ్చింది. మూడింటికీ తడుముకోకుండా చెప్పింది. పెట్టె కడతారని కోడలు దారం కూడా తెంపింది. మా ఆయన కాసేపు ఆలోచించి, జవాబులు మరీ తొందరగా వచ్చాయి, ఎవరో చెప్పి పంపినట్టున్నారని ఆవిడ్నీ తప్పించారు.

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఈయన తగిన మనిషి కోసం చూడటం లేదు. తగిన మనిషి రాకూడదని చూస్తున్నారు.

ఆ రాత్రి మా అబ్బాయి అన్నం కెలికి లేచిపోయాడు. ఏమిట్రా అంటే, నాన్న ఒక్కడే దుకాణంలో కూర్చుంటే నేను వేరే బల్ల దగ్గర కూర్చోలేనమ్మా, పళ్ళావిడకి రానని చెప్పేస్తానన్నాడు. కోడలు వాడి కంచం తీసుకెళ్ళి కడిగేసింది. నాలుగు మాటలు తిట్టినా బాగుండునని నాకే అనిపించింది.

శనివారం నాలుగింటికి మంచి చీర కట్టుకుని, గొడుగు వేసుకుని, వీధి వైపు నుంచి దుకాణానికి వెళ్ళాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను వెనక తలుపు నుంచే వెళ్ళేదాన్ని, వీధి తలుపు కొనేవాళ్ళకి. లోపల కొత్తగా అద్దెకి దిగబోయే ఫోన్ల దుకాణం అబ్బాయి గోడలు కొలుస్తున్నాడు. మా అబ్బాయి నిచ్చెన పట్టుకున్నాడు. మా ఆయన ఖాళీ బల్ల వెనకాల టై కట్టుకుని కూర్చున్నారు.

"ఏమిటిలా వచ్చావు? ఇంట్లో ఎవరైనా వచ్చారా?"

"ఇంజన్ కొందామని వచ్చానండీ. ఒకటో నంబరు."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఫోన్ల అబ్బాయి టేపు చప్పున చుట్టేసుకున్నాడు.

"నీకెందుకే ఇంజను?"

"అది మీ మూడింట్లో లేదు. ఉన్నవి అడగండి."

అడక్క తప్పలేదు. వచ్చినవాళ్ళని అడక్కుండా పంపడం మామగారి పద్ధతి కాదు. టై సర్దుకున్నారు.

"ఎక్కడ నడుపుతావు?"

"మన మంచం చుట్టూ. పొద్దున కొలిచాను. ఆరు మీటర్ల పైనే వస్తుంది, మలుపులు కూడా బాగా కుదురుతాయి."

"పట్టాలు తప్పితే?"

"ముందు కరెంటు తీస్తాను. తర్వాత పట్టా చూస్తాను. ఇంజన్ని మాత్రం తిట్టను."

మా అబ్బాయి నిచ్చెన వదిలేసి ఇటు తిరిగాడు. మా ఆయన వాడి వంక చూడలేదు.

"ఎవరితో కలిసి?"

"మీతోనే. మీరు నడపండి, నేను జెండా ఊపుతాను. ఇన్నేళ్ళూ నేను చేసిందేమిటి?"

జవాబులు తొందరగా వచ్చాయని అంటారేమోనని చూశాను. యాభై మూడేళ్ళు విన్న ప్రశ్నలు మరి, తొందరగానే వస్తాయి. ఆయన అనలేదు. బల్ల మీద లేని దుమ్ముని చేత్తో తుడిచారు. తర్వాత ఎవరికీ వినపడకూడదన్నట్టు, మామగారు ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటి అడిగారు.

"ఇది నీకిచ్చేస్తే, సోమవారం పొద్దున నేనెక్కడికెళ్ళనే?"

దానికి జవాబు నేను తయారుచేసుకోలేదు. ఉన్నదే చెప్పాను. "తెలీదండీ. వాడెక్కడికెళ్ళాలో మాత్రం తెలుసు."

ఆయన లేచి, ఇంజన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, దారం కట్టారు. ముడి రెండుసార్లు విప్పి మళ్ళీ వేశారు. ఊరికే ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు. డబ్బు తీసుకున్నారు, రసీదు రాశారు, కింద సంతకం కూడా పెట్టారు. అప్పుడు మా అబ్బాయితో షట్టరు దించమన్నారు. ఏడాదిగా ఆ మాట కోసం చూసినవాడు కొయ్యలా నిలబడిపోయాడు. చివరికి ఫోన్ల అబ్బాయే సాయం పట్టాడు.

ఇంటికి వచ్చాక పెట్టె బీరువా మీద పెట్టాను. ఆదివారమంతా ఆయన దాని కింద నుంచి నాలుగుసార్లు తిరిగారు గానీ చెయ్యి వెయ్యలేదు. అమ్మిన సరుకు మళ్ళీ ముట్టుకోరు, అదీ పద్ధతే. సోమవారం ఏడింటికి మా అబ్బాయి ఉతికిన చొక్కా వేసుకుని పళ్ళ పనికి బయల్దేరాడు. కోడలు గుమ్మం దాకా వెళ్ళి కాలరు సర్దింది. ఈయన కుర్చీలోంచి లేవకుండా, ఆలస్యంగా వెళ్ళకు అని మాత్రం అన్నారు. వాడు అప్పటికే అరగంట ముందున్నాడు.

పదకొండింటికి ఇక ఆగలేకపోయారు. వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఇంజన్ అలా పెట్టెలోనే ఉంటే ఇరుసులు బిగుసుకుపోతాయి, కొన్నవాళ్ళు ఒప్పుకుంటే ఒక్క చుక్క నూనె వేస్తానన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. వెళ్ళి నూనె సీసా పట్టుకుని మంచం మీద కూర్చున్నారు.

సాయంత్రం మా అబ్బాయి వచ్చేసరికి మంచం చుట్టూ సగం దాకా పట్టాలు పరిచి ఉన్నాయి. ఎక్కడివని నేను అడగలేదు. వ్యానులో ఎక్కనిది ఇంజన్ ఒక్కటే కాదన్నమాట. వాడు జేబులోంచి తను చేసిన పన్ను ఒకటి తీసి చూపించాడు. ఇంజన్లు నిజంవాటిలా కనపడాలని వేసినట్టు, అలవాటుకొద్దీ దీనికీ పాత మరకలూ అరుగుదలా వేశాడట. కొత్త పన్ను పాతదానిలా ఉందేమిటని యజమానురాలు ముందు మండిపడి, మిగతా పళ్ళ పక్కన పెట్టి చూశాక ఏది కొత్తదో పోల్చుకోలేక, రేపు ఇంకో రెండు చెయ్యమందట.

మా ఆయన భూతద్దం పెట్టి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మరక కొంచెం ఎక్కువైందిరా" అన్నారు. "రేపు వేసేటప్పుడు సన్న కుంచె పట్టుకెళ్ళు."