తపసుమాను ఎక్కినవాడు దిగేదాకా

"ఫైలు చాలా పెద్దది" అని ల్యాప్‌టాప్ మూడోసారి మొరాయించింది.

టీవీలో చూపించడానికి ఒక వీడియోను డిస్కులోకి ఎక్కించాలని రూపశ్రీ తంటాలు పడుతోంది. చంద్రగిరిలోని ఆ ఇంటి ముందుగదిలో, మోకాలికి పట్టీతో, ఒళ్లో విల్లుతో కూర్చున్నాడు ఆమె నాయన మునెయ్య. భారతం ఉత్సవాల్లో ఇరవై రెండేళ్లు ఆయనే అర్జునుడు. అర్జునుడు శివుడి కోసం తపస్సు చేసే అరవై అడుగుల తపసుమాను మీద మెట్టుకో పద్యం పాడుతూ ఎక్కేవాడు. ఎల్లుండి ఎక్కాల్సింది కొత్త అర్జునుడు ఎల్లప్ప. మునెయ్య చివరిసారి ఎక్కిన వీడియో చూస్తేగానీ అతనికి పద్యాల వరస పట్టుబడదు.

"వానికి రాకుంటే నేనే ఎక్కుతా" అని మునెయ్య పొద్దున్నే తేల్చేశాడు. ఆ మోకాలితో ఎక్కితే ఆయన దిగేది అంబులెన్సులోకే.

"నాలుగు జీబీ దాటితే ఈ డిస్కు పట్టదంటివి గదక్కా, వీడియోను రెండు ముక్కలు చేసేయ్" అన్నాడు పక్కనే కూర్చున్న ఎల్లప్ప.

మునెయ్య విల్లు ఝళిపించాడు. "మానెక్కినోణ్ణి నడాన నిలిపేస్తావా? వాడు దిగేదాకా తప్పెట గూడా ఆపకూడదురా!"

రూపశ్రీ డిస్కు వివరాలు తెరిచి చూసింది. తప్పు ఫైలుది కాదు. డిస్కును ఎప్పుడో ఫ్యాట్ థర్టీటూ అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేశారు. అది మార్చాలి, అంతే.

"ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి పెట్టక్కా. మా బామ్మర్ది అదే పెట్టినాడు, టీవీలో నేరుగా ఆడతాది."

"మీ బామ్మర్దికి ఇన్వర్టర్ ఉండాదా?"

"ఉండాది."

"మాకు లేదప్పా. రాస్తా ఉండగా కరెంటు పోతే ఎక్స్‌ఫ్యాట్ తికమక పడొచ్చు. ఈఎక్స్‌టీ ఫోర్ పద్ధతి అట్లా కాదు, చేయబోయే పనిని ముందే చీటీ రాసి పెట్టుకుంటాది, కరెంటొచ్చినాక అది చూసి సర్దుకుంటాది. టీవీ దాన్ని చదవకపోతే ఏమి, టీవీ ఎనక ఉండే చిన్న లినక్స్ కంప్యూటరు పెట్టె చదువుతాది."

డిస్కులో ఉన్న పాత ఫొటోలను ల్యాప్‌టాప్‌లోకి మార్చి, రెండుసార్లు సరిచూసుకుని ఫార్మాట్ కొట్టింది. డిస్కును పెట్టెకు తగిలించి, ల్యాప్‌టాప్ నుంచి వైఫైలో వీడియో పంపడం మొదలుపెట్టింది. అరవై శాతం దగ్గర ఫ్యాను ఆగిపోయింది.

"పాయె!" అన్నాడు ఎల్లప్ప. మునెయ్య విల్లు ఊతగా లేవబోయాడు.

"కూసో నాయనా. అసలు వీడియో ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉండాది."

పావుగంటకు కరెంటు వచ్చింది. పెట్టె లేచింది. డిస్కు చెక్కుచెదరలేదు. సగం వచ్చిన ఫైలును మాత్రం రూపశ్రీ చెరిపేసింది.

"మళ్లీ మొదట్నుంచి ఎక్కించాల. తప్పు గాదు గదా, నాయనా?"

"దిగి మళ్లీ ఎక్కితే తప్పేముండాది?" అని మునెయ్య నవ్వేశాడు.

మధ్యాహ్నం, మూడు గంటల నిడివి ఉన్న ఆ వీడియో టీవీలో ఎక్కడా తెగకుండా నడిచింది. పదకొండో మెట్టు పద్యాన్ని తెర మీది మునెయ్య కంటే ముందే ఎల్లప్ప అందుకున్నాడు. మునెయ్య విల్లు తీసి అతని భుజానికి తగిలించాడు.

"బరువు సూసుకో. ఎల్లుండికి భుజం అలవాటు పడాల."