ఈతబుర్ర

పొద్దుగూకే వేళ ఆనపపువ్వు విచ్చుకుంటుంది. తెల్లగా, పలచగా… తడిపి ఆరేసిన పాత పంచెముక్కలా.

అచ్చాయమ్మ రోజూ ఆ వేళకి పాక వెనక నిలబడుతుంది.

పూలున్నాయి. కాయ లేదు.

కొవ్వూరుకి దిగువన లంకలో, ఏటిగట్టున పాక. పాక మీద ఒకే ఒక్క పాదు. ఆ పాదు వెనక ఒకే ఒక్క గింజ.

శ్రావణంలో వరదొచ్చింది. చూరుకి వేలాడదీసిన ఎండు ఆనపబుర్రని — గుండ్రటిదాన్ని, కడుపునిండా గింజలున్నదాన్ని — ఎత్తుకుపోయింది. ఆ బుర్ర నడుముకి కట్టుకునే ఆ ఇంటి పిల్లలందరూ ఈత నేర్చారు. అందరికీ నేర్పిన బుర్ర, తనే ఈదుకుంటూ సముద్రం దారి పట్టింది.

అందరికీ… ఒక్క కోడలికి తప్ప.

ఉషారాణిది తణుకు. పంచదార ఫ్యాక్టరీ వాసన తెలుసు గానీ ఏటి లోతు తెలియదు. వరదనాడు పడవలో అత్త జబ్బ పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. ఐదు వేళ్ల గుర్తులు రెండ్రోజులున్నాయి.

గుర్తులు పోయాయి. ఆ పట్టు మాత్రం అచ్చాయమ్మ జబ్బ మీదే ఉండిపోయింది. దీనికి ఈత నేర్పాలి. బుర్ర కావాలి.

వరద తీశాక పాత కుండ అడుగున ఒక్క గింజ దొరికింది. నాటింది. మొలిచింది. పాకింది. పూసింది.

పిందె పడింది — పసుపెక్కి రాలింది. ఇంకోటి — రాలింది. మూడోదీ…

"దిష్టి," అంది అచ్చాయమ్మ. పిందెకి వేలు చూపితే కుళ్లిపోతుందని, ఎవర్నీ అటు వేలెత్తనివ్వలేదు. పైగా, కింద పిందె లేకుండా పొడుగు కాడల మీద వచ్చే మొగ్గల్ని రోజూ తుంచేసింది. గొడ్డు పూలు. పాదు బలమంతా తినేస్తాయి.

ఒక సాయంత్రం ఆ మొగ్గల కుప్ప ఉషారాణి కంటబడింది. ఇంటర్లో బైపీసీ చదివిన పిల్ల.

"ఇవెందుకు తుంచావత్తా?"

"గొడ్డువి కదే."

"గొడ్డువి కాదు, మగవి! వీటి పుప్పొడి తగిలితేనే పిందె నిలిచేది. పెళ్లికొడుకులందర్నీ తుంచి పారేసి, పెళ్లికూతురికి దిష్టి తగిలిందంటావేంటి?"

"నలభై ఏళ్లుగా తుంచుతున్నానే… కాసేవిగా!"

"అప్పుడు లంకంతా పాదులే. పక్క పాకల మీంచి పురుగులే పుప్పొడి తెచ్చేవి. వరదకి అన్నీ పోయి, ఇప్పుడు మనదొక్కటేగా."

అచ్చాయమ్మ పాదు దగ్గరికి నడిచింది. ఆకులెత్తడం మొదలెట్టింది.

చూరు చివర, వెడల్పాటి ఆకు చాటున, తన చేతికి దొరక్కుండా దాక్కుని — ఒక్క మగమొగ్గ. పక్క తీగన ఒక్క పిందె, నెత్తిన మొగ్గతో.

ఇద్దరూ కూర్చున్నారు. ఆ పువ్వు విచ్చింది. ఈ పువ్వూ విచ్చింది.

"అదిగో!" ఉషారాణి వేలు లేచింది.

అచ్చాయమ్మ చప్పున ఆ వేలు మడిచేసింది. "చదువు నీదేలే తల్లీ. వేలు మాత్రం మడుచుకో."

మగపువ్వు రేకులు వలిచింది. ఆడపువ్వు నడిమధ్య అద్దింది — చంటిబిడ్డ బుగ్గన చుక్క పెట్టినట్టు.

మూడు రోజులు.

పువ్వు వాడింది. పిందె వాడలేదు. పైకి చూసేది కాస్తా నేలచూపు చూసింది. నూగు మెరిసింది. పిడికిలంత… చెంబంత…

లోపల ఏం జరిగిందో ఉషారాణి చెప్పింది. ఒక్కో పుప్పొడి రేణువు సన్నటి గొట్టమై లోపలికి దిగుతుందట. చేరిన రేణువుకి ఒక గింజ. చేరనిదానికి లేదు. ఆ గింజల కోసమే చుట్టూ కండ ఊరుతుందట.

చీకట్లో, బుర్ర కట్టుకోకుండా, అన్నేసి ఈతలా! అచ్చాయమ్మకి నవ్వొచ్చింది.

కాయ ఒక పక్కకి కాస్త వంకర తిరిగింది.

"అటుపక్క గింజ పట్టలేదేమో," అంది ఉషారాణి.

"పట్టినపక్క పట్టిందిగా," అంది అచ్చాయమ్మ.

ముదరాలి. ఎండాలి. మాఘం దాటాక ఊపి చూడాలి — గలగలమంటుందో, లేదో…

ఈలోగా ఉషారాణి రోజూ బిందెతో రేవులోకి దిగుతోంది. మొదట్లో పాదాలు తడిసేదాకా. తర్వాత పిక్కలదాకా. ఇవాళ… మోకాళ్లు మునిగాయి.

అచ్చాయమ్మ గట్టు మీంచి చూసింది.

వేలు చూపలేదు.

పొద్దుగూకుతోంది. పాక మీద ఇంకో ఆనపపువ్వు విచ్చుకుంటోంది. తెల్లగా, పలచగా…