వజ్రకేతు కళ్ళు మూసిన కుంచె

నేను ఒక కుంచెను. ఇప్పుడు బట్టతల వచ్చి మూలపడ్డాను గానీ, ఒకప్పుడు నా తలనిండా ఉడుత వెంట్రుకలే. బెజవాడలో ఒక పిల్లల వారపత్రికకు బొమ్మలు వేసే ఖండేరావు చేతిలో పెరిగాను. ఆయన పెద్దలు తోలుబొమ్మలాట ఆడినవాళ్ళు. బొమ్మకు కళ్ళు చివరనే తెరిపించాలి, తెరిపించాక దానికి ప్రాణం వచ్చినట్టే అన్నది వాళ్ళింటి ఆచారం. మా పత్రికలో ఆకాశాన ఎగిరే సాహసవీరుడు వజ్రకేతుకు కూడా ఆయన ముందు దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాతే నాతో కళ్ళు దిద్దేవాడు.

అమ్మకాలు పడిపోయేసరికి ఎడిటర్ పానకాలరావుకు ఓ దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. కథలో వజ్రకేతుకు ప్రయోగశాలలో ఒక నకలును, అదే క్లోన్‌ను, పుట్టించాడు. ఇద్దరిలో అసలువాడెవడు? ఈ ఒక్క ప్రశ్నను జీడిపాకంలా ఏళ్ళ తరబడి సాగదీశాడు. బళ్ళలో పిల్లలు రెండు జట్లుగా విడిపోయి కొట్టుకున్నారు. చివరికి ఏం తేల్చాడయ్యా అంటే, మొదట్నుంచీ మనం ప్రేమించినవాడే నకలట! అసలువాడు ఇన్నాళ్ళూ ఎక్కడో గాజుపెట్టెలో నిద్రపోతున్నాడట! జనం ఊరుకుంటారా? ఆఫీసు ముందే పత్రిక కట్టలు తగలబెట్టారు. ఆ నకలును, అంటే ఇన్నాళ్ళ మన వజ్రకేతునే, కథలో చంపేస్తే పీడ విరగడవుతుందనుకున్నాడు పానకాలరావు.

ప్రెస్సువాళ్ళు పేజీ కోసం కాచుకుని ఉన్నారు. ఖండేరావు నేలకూలిన వజ్రకేతును గీశాడు. కళ్ళు మాత్రం తెరిచే ఉంచాడు.

“చచ్చినోడు కళ్ళు తెరుచుకుంటాడేంటయ్యా? మూసెయ్!” అన్నాడు ఎడిటర్.

“నేను తెరిపించిన కళ్ళండీ. నా చేత్తో మూయలేను.”

“మూయకపోతే బయటికి నడువు. నీ గీతను అచ్చుగుద్దినట్టు దించేవాడు పక్కగదిలోనే ఉన్నాడు.”

ఈ పని తప్ప ఖండేరావుకు ఇంకోటి రాదు. వజ్రకేతు వల్ల వచ్చిన పేరు తప్ప వేరే ఆస్తీ లేదు. అయినా నన్ను ఎడిటర్ చేతికిచ్చాడు.

“మీరే మూయండి సార్.”

నోటితో ఎంతమందినైనా చంపగల పెద్దమనిషి! నన్ను పట్టుకుని పేజీ మీదికి వంగాడు. ఆ కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. నా కొసన సిరా చుక్క వేలాడుతోంది, పడిందంటే బొమ్మ పాడు.

“వీడేంటయ్యా ఇలా చూస్తాడు?” అని గొణిగి, “సుదర్శనం!” అని పక్కగదిలోకి కేకేశాడు.

సుదర్శనం వచ్చి నన్నందుకున్నాడు. దణ్ణం లేదు, బెరుకు లేదు. రెండే గీతలు. రెప్పలు వాలిపోయాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం చెప్పను, అవి అచ్చం ఖండేరావు గీతలే. ఇన్నాళ్ళూ ఆయన చేతిలో ఉన్న నాకే తేడా తెలియలేదు.

ఖండేరావు ఆ పేజీని ఒక్కసారి చూసుకుని, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. నన్ను అడిగి తీసుకోనైనా లేదు.

“ఇక అసలువాణ్ణి గీసెయ్,” అన్నాడు ఎడిటర్. సుదర్శనం ముందు కళ్ళు పెట్టేసి, తర్వాత ముఖం గీశాడు. పేజీ అడుగున తన పేరు రాయబోతుంటే పానకాలరావు చెయ్యి పట్టుకుని ఆపాడు.

“నీ పేరెవడిక్కావాలి? ఎప్పుడూ ఉండే పేరే వెయ్యి.”

సుదర్శనం ముఖం వాడిపోయింది. నన్ను సిరాలో ముంచి, కాగితం మూల ‘ఖండేరావు’ అని రాశాడు.