సుల్తాన్ మెడలో గంట

ఎర్రన్న తన పొట్టేలును దేవునికి మూడుసార్లు ఇచ్చాడు. మూడుసార్లూ సాయంత్రానికల్లా అది మళ్ళీ ఎర్రన్న ఇంటి ముందు గూటానికే కట్టేసి ఉంది. ఇందులో దొంగతనమేమీ లేదు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

ఆ పద్ధతి ఇది. చెనక్కాయ పంట ఇంటికి చేరాక ఒక ఆదివారం ఆ ఊరి చర్చిలో కోత పండుగ చేస్తారు. పండినవాళ్ళు పండినదాంట్లోంచి మొదటి భాగం తెచ్చి దేవునికి ఇస్తారు. చేటెడు కొర్రలు, ఒక గుమ్మడికాయ, గుడ్లు పెట్టే కోడి, ఏమీ పండనివాళ్ళు ఇంట్లో పెట్టిన ఊరగాయ. ప్రార్థన అయ్యాక వాటన్నిటినీ చర్చి ముందర వేలం వేస్తారు. ఎవరైనా పాడొచ్చు, ఇచ్చినవాళ్ళు కూడా. సంఘ పెద్ద నాగప్ప పాట పాడించడం మొదలుపెడితే కోడిగుడ్డు కూడా కోడి ధర పలుకుతుంది. అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకు పోతారు. ఈ పద్ధతిలో ఒక సందు ఉందని ఇన్నేళ్ళలో కనిపెట్టినవాడు మాత్రం ఎర్రన్న ఒక్కడే. ఇచ్చినదాన్ని సాయంత్రం తనే పాడుకుంటే ఇచ్చినట్టూ ఉంటుంది, ఇంట్లో ఉన్నట్టూ ఉంటుంది.

సంఘం పుస్తకంలో ఆయన పేరు ఏలియా. ఆ పేరుతో చర్చిలో ప్రార్థన చేయించే అయ్యగారు తప్ప ఎవరూ పిలవరు. అయ్యగారు పిలిచినా ఈయన రెండోసారికి గానీ పలకడు. భార్య మారెక్క అదే పుస్తకంలో మార్త. ఇద్దరివీ కూలి బతుకులు. అరవై ఏళ్ళు వచ్చేదాకా ఊరికి ఆయన 'ఎర్రన్నగాడు'. ఎవరి చేలో పని ఉంటే ఆ చేలో మనిషి. శింగనమల చెరువు నిండినా ఎండినా ఆ పిలుపులో మార్పు రాలేదు. సుల్తాన్ వచ్చాకే వచ్చింది.

సుల్తాన్ ఎర్ర పొట్టేలు. పుట్టిన మూడోనాడే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి బతికించింది మారెక్క. అది కండలు తిరిగి కొమ్ములు వంకీలు పోయాక మాత్రం ఎర్రన్న దాన్ని తన సొంతం చేసుకున్నాడు. పూటకింత నానబెట్టిన ఉలవలు, వారానికొకసారి షాంపూతో స్నానం, కదిరి సంతలో ఏరి కొన్న కంచు గంట. దాన్ని పట్టుకుని రోడ్డు మీద నడుస్తుంటే బస్సులో వాళ్ళు తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. బండ్ల మీద పోయేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకునేవాళ్ళు. "పొట్టేలు ఎర్రన్నా, రాప్పా, టీ తాగిపో" అని హోటలు వాళ్ళు పిలిచేవాళ్ళు. అరవై ఏళ్ళు ఎవరూ పిలిచి టీ ఇవ్వని మనిషికి ఆ పిలుపు ఎంత తీపిగా ఉంటుందో, ఆయన్ను తప్పుపట్టే ముందు కాస్త ఆలోచించాలి.

మూడేళ్ళ కిందట మారెక్కకు విషజ్వరం వచ్చింది. అనంతపురంలో ఆస్పత్రి మంచం మీద తెలివి లేకుండా పడి ఉంది. డాక్టరు ఏమీ చెప్పలేనన్నాడు. ఎర్రన్న వరండాలో, చెప్పుల వరస పక్కన మోకాళ్ళ మీద పడి, నా దగ్గర ఉండేది ఒక్క సుల్తానే స్వామీ, నీకిచ్చేస్తా, దీన్ని నాకియ్యి అన్నాడు. అంతకంటే ఎక్కువ మాటలు ఆయనకు రాలేదు. ఆరోరోజు మారెక్క కళ్ళు తెరిచి, పొట్టేలుకు మేత వేశావా అని అడిగింది.

ఆ ఏడు కోత పండుగకు సుల్తాన్‌ను నిజంగానే ఇవ్వాలని తీసుకుపోయాడు. అయితే పాట మొదలయ్యాక కాళ్ళు వణికాయి, నోరు తనంతట తానే పాడింది. రెండో ఏడు కాళ్ళు వణకలేదు. మూడో ఏడు ఇంటి దగ్గర్నుంచే డబ్బు సిద్ధం చేసుకుని పోయాడు. ఎర్రన్న పొట్టేలు పాటకొస్తే ఇంకెవరూ పాడకూడదన్నది మర్యాదగా మారింది. గెలిచి తోలుకుపోతుంటే అందరూ చప్పట్లు కూడా కొట్టేవాళ్ళు.

ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. పొలాల్లో చెనక్కాయ చెట్లకు కాయల కంటే మట్టే ఎక్కువ వచ్చింది. పంటల మీద ఆశ పోయినవాళ్ళు గొర్రెల మీదే బతుకుతున్నారు. చెరువు కట్ట కింద ఉండే ఈశ్వరి అలాంటిది. మొగుడు బెంగళూరులో సెంట్రింగు పనికి పోయాడు. ఆమెకున్నవి తొమ్మిది గొర్రెలు, ఒక పొట్టేలు. ఆ పొట్టేలు నీలినాలుక రోగంతో పోయింది. గొర్రెలు ఎదకు వచ్చే వేళకు పొట్టేలు లేకపోతే ఆ ఏడు పిల్లలుండవు. పిల్లలు లేకపోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

పండుగకు నెల ముందు ఆమె ఎర్రన్న ఇంటికి వచ్చింది. "అన్నా, ఒక్క పదైదు దినాలు సుల్తాన్‌ను నా మందలో ఇడిచిపెట్టన్నా" అంది. ఎర్రన్న పొట్టేలు వీపు నిమురుతూ, "మందలో తిరిగితే చిక్కిపోతాడమ్మా. కొమ్ములు యాడన్నా ఇరిగితే?" అన్నాడు. ఈశ్వరి వచ్చిన దారినే వెళ్ళిపోయింది. లోపల రొట్టె కాలుస్తున్న మారెక్క అంతా వింది.

పండుగ రోజు ఈశ్వరి చర్చికి వచ్చింది. ఆమె చర్చి మనిషి కాదు, ఆమె ఇంటి దేవుళ్ళు ఆమెకున్నారు. వేలం జరిగే చోట ఒక పక్కగా నిలబడింది. కొర్రలు పోయాయి, గుమ్మడికాయలు పోయాయి. సుల్తాన్ వంతు వచ్చింది. ఎర్రన్న మామూలుగా తన పాట చెప్పి గంట సర్దుతుంటే వెనక నుంచి ఈశ్వరి గొంతు దానికి పైన పాడింది.

నాగప్ప నోట్లో ఉన్న హాస్యం నోట్లోనే ఉండిపోయింది. ఎర్రన్న ఆమె వైపు చూడకుండా పెంచాడు. ఆమె కూడా పెంచింది. మళ్ళీ ఈయన, మళ్ళీ ఆమె. ఇంకో రెండుసార్లు పెంచాక ఆమె కొంగుముడి విప్పి చూసుకుంది. అందులో ఎంత ఉందో అంతా చెప్పేసి నిలబడింది. ఎర్రన్న దాని మీద ఒక వంద వేశాడు.

"ఏమమ్మా, నువ్వు పాడతావని ఎవరూ అనుకోలేదే" అన్నాడు నాగప్ప, ఏం అనాలో తెలియక.

"ఎర్రన్నను అడిగితే లేదన్న్యాడు" అంది ఈశ్వరి. "మీ దేవునికి ఇచ్చినాడని చెప్పినారు. ఆయప్పనే అడుగుదామని వచ్చినా."

నాగప్ప ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారి అనడానికి చాలాసేపు తీసుకున్నాడు, ఎర్రన్న కళ్ళలోకే చూస్తూ. ఎర్రన్న నేల చూశాడు. పాట ముగిసింది. ఆ రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఈశ్వరి కొంగుముడి మళ్ళీ వేసుకుని కట్ట వైపు నడిచిపోయింది.

ఇంటికి పోయేటప్పుడు మారెక్క పది అడుగులు ముందు నడిచింది. ఇంట్లో కంచం పెట్టింది, సంగటి పెట్టింది, పక్కన కూర్చోలేదు. రెండు ముద్దలు మింగి ఎర్రన్నే లేచాడు గొంతు పెంచి.

"నేనేమన్నా దొంగతనం చేసినానా? దుడ్లు కట్టినా. గుడికే పోయినాయి గదా."

"దేవునికి దుడ్లు కావాలని నీకెవరు చెప్పినారు?" అంది మారెక్క. "ఆ పొద్దు ఆస్పత్రిలో దుడ్లు ఇస్తానన్న్యావా, పొట్టేలు ఇస్తానన్న్యావా?"

ఎర్రన్న చెయ్యి కడుక్కుని పోయి అరుగు మీద కూర్చున్నాడు.

"మా ఇంట్లో పటం లేదు, బొమ్మ లేదు అని ఊరంతా చెప్పుకుంటావు. పొద్దున్నే ఎవరి మొగం చూసి లేస్తాండావప్పా నువ్వు?"

రెండేళ్ళుగా ఎర్రన్న మంచం గూటం వైపే తిప్పి వేసుకుంటున్నాడు. కళ్ళు తెరవగానే సుల్తాన్ కొమ్ములు కనబడాలి. అవి కనబడ్డాక గానీ ప్రార్థన గుర్తుకురాదు, ఒక్కోరోజు అదీ రాదు.

మారెక్క వచ్చి ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. "ఆయన నన్ను నీకిచ్చినాడు. మళ్ళీ పాట పెట్టి తీసుకుపోలేదు గదప్పా."

ఎర్రన్న ఆమె చేతి వైపు చూశాడు. సూదులు గుచ్చిన మచ్చలు ఇంకా మణికట్టు పైన నల్లగా ఉన్నాయి. మూడేళ్ళుగా ఆ చేతి అన్నం తింటున్నాడు. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు, ప్రతి పూటా నిలబెట్టుకుంటున్నాడు. తనేమో ఏడాదికొకసారి ఇచ్చి, ఏడాదికొకసారి లాక్కుంటున్నాడు. ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు పైన ఏడుపు వచ్చింది. మారెక్క ముందు ఏడవడం ఆయనకు ఇష్టం లేదు, లేచి గూటం దగ్గరికి పోయాడు.

పొద్దు ఇంకా వాలలేదు. తాడు విప్పాడు. విప్పినవాడు కాస్త ఆగి, గంట కూడా మెడ నుంచి విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు. కొత్త చోట గంట బరువెందుకులే అనుకున్నాడు. మనిషి మనసు మహా ముందుచూపు గలది, ఎంత ఇచ్చినా ఏదో ఒకటి వెనకేసుకుంటుంది.

కట్ట కింద కంప దడి దగ్గర ఈశ్వరి గొర్రెలకు నీళ్ళు పెడుతోంది. ఎర్రన్నను చూసి పోట్లాటకు వచ్చాడనుకుని నిటారుగా నిలబడింది.

"ఏమన్నా?"

"వీడిని తోలుకొచ్చినా."

"ఎంతకు?"

"అమ్మేదానికి రాలేదమ్మా. ఎప్పుడో ఇచ్చిందాన్ని ఈ పొద్దు ఇచ్చేదానికి వచ్చినా."

ఈశ్వరి కాసేపు నమ్మలేదు. నమ్మాక, "ఊరికే వద్దన్నా. నేను పాడినంతా మీ గుడికే ఇస్తా" అంది.

"అది నీకూ ఆయప్పకూ మధ్య" అన్నాడు ఎర్రన్న.

సుల్తాన్‌ను తనే కట్టాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఉలవలు రాత్రే నానేయాలి, వేడినీళ్ళు పోయకూడదు, ఎడమ చెవి వెనక గోకితే నిలబడతాడు, ఉరుముకు భయం, పక్కన మనిషి ఉంటే భయపడడు. ఈశ్వరి మధ్యలో ఒక్క మాటకూ అడ్డం రాకుండా అంతా వింది. చెప్పడం అయిపోయింది. చెప్పడానికి ఇంకేమైనా ఉందా అని వెతుక్కుని, లేదని తేలాక ఎర్రన్న వెనక్కి తిరిగాడు.

పొట్టేలు అరిచింది. ఎర్రన్న ఆగలేదు. అడుగు వేస్తే జేబులో గంట మోగింది. ఇంకో అడుగు వేస్తే ఇంకోసారి. కల్వర్టు దాకా అలా మోగుతూనే వచ్చాడు. ప్రతి అడుగుకూ సుల్తాన్ పక్కనే నడుస్తున్నట్టుంది, ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందంటే కాసేపటికి ఏడుపు కూడా తగ్గింది. అక్కడ ఆగిపోయాడు ఎర్రన్న.

ఈ గంటను ఇంట్లో మేకుకు తగిలిస్తాడు. రేపు పొద్దున్నే కళ్ళు తెరిచి దాన్ని చూస్తాడు. వచ్చినవాళ్ళకు చూపించి, ఇది మా సుల్తాన్‌ది అని చెప్తాడు. పొట్టేలును ఈశ్వరికిచ్చి సుల్తాన్‌ను జేబులో వేసుకుపోతున్నాడు. దేవుడు మూడేళ్ళు ఓపిక పట్టాడు, నాలుగోసారి కూడా తను ఆయన కళ్ళలో దుమ్ము కొట్టబోతున్నాడు. "నా బుద్ధి ఇంతే స్వామీ" అన్నాడు పైకే. రోడ్డు మీద ఎవరూ లేరు. గంటను పిడికిట్లో మోగకుండా పట్టుకుని వెనక్కి నడిచాడు.

ఈశ్వరి దీపం పెడుతోంది. ఆయన మళ్ళీ రావడం చూసి ఆమె మొహం వాడిపోయింది. మనసు మారిందనుకుంది పాపం. ఎర్రన్న నేరుగా పోయి సుల్తాన్ మెడకు గంట కట్టాడు. ముడి రెండుసార్లు బిగించాడు. ఇప్పుడు దాచుకోకుండానే ఏడ్చాడు.

"మందలో యాడుండాడో తెలియాలంటే గంట ఉండాల గదమ్మా" అన్నాడు.

"అప్పుడప్పుడు వచ్చి చూసిపోతాండన్నా."

"ఇప్పుడే రాలేనమ్మా. కొన్నాళ్ళు పోనీ."

మారెక్క వీధిలో ఎదురుచూస్తోంది. ఆయన ఖాళీ చేతులు, ఖాళీ జేబు చూసింది. సంగటి మళ్ళీ వేడిచేసి పెట్టి, ఈసారి పక్కనే కూర్చుంది.

మర్నాడు కోడి కూతకు ఎర్రన్నకు మెలకువ వచ్చింది. మంచం అటువైపే ఉంది, తిప్పడం మరిచిపోయాడు. కళ్ళు తెరిస్తే ఉత్త గూటం కనబడుతుంది. ఆ భయంతో తెరవలేదు. అలాగే పడుకుని, తెరవకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు. స్వామీ, ఈశ్వరి గొర్రెలు నిలవాల. వానలు రావాల. మా మారెక్క చల్లగా ఉండాల. నాకు భయమైతాంది, కొంచెం దగ్గర ఉండు. ఉరుము ఉరిమినప్పుడు సుల్తాన్ ఆయన్నుంచి కోరుకునేది అదే, అంతవరకు ఆయన తనకోసం ఎవరినీ అడగని మాట అది. చెప్పుకునే కొద్దీ గుండె కుదుటపడింది. అలా ఎంతసేపు ఉన్నాడో ఆయనకు తెలియదు.

మారెక్క ముంత నీళ్ళతో వచ్చి మంచం పక్కన నిలబడింది. ఆయన పెదవులు కదులుతుండటం చూసి, అవి ఆగేదాకా ఉంది. తర్వాత మెల్లగా అడిగింది, "ఈ పొద్దు ఎవరి మొగం చూసి లేసినావప్పా?"

"ఎవరి మొగమూ చూడలేదు మారీ" అన్నాడు ఎర్రన్న. "కండ్లు మూసుకోనే లేసినా."