గీత బయటి షెడ్డు

నీళ్ల ట్యాంకరు రాక ఇది నాలుగో రోజు. అద్దకం షెడ్డు వెనక వీధిలో ఖాళీ డ్రమ్ములు వరస కట్టి ఉన్నాయి. వరసలో మొదటిది మీటరాయన చెల్లెలిది.

మీటరాయన అంటే కంపెనీలో నీళ్ల మీటర్లు చూసే మనిషి. పొద్దున్నే మూడు మీటర్లూ చూసి, అంకెలు పుస్తకంలోకి ఎక్కించడం ఇరవై రెండేళ్లుగా ఆయన పని. ఒకటోది నేత షెడ్డుది, రెండోది బాయిలరుది, మూడోది అద్దకం షెడ్డుది. ఎండైనా వానైనా ఒళ్లు కాలిపోతున్నా ఒక్క అంకె తప్పు రాసినవాడు కాదు.

రెండేళ్ల కిందట ఆ అంకెలే పనికొచ్చాయి. కంపెనీ ఏటా అచ్చువేసే పర్యావరణ రిపోర్టును సరిచూడటానికి వచ్చిన తనిఖీదారు ఆ పుస్తకం తిరగేసి, మూడో మీటరు దగ్గర ఆగాడు. ఇంత నీరు లోపలికి వెళితే బయటికి ఎటు పోతోందని అడిగాడు. వీధిలోకి వెళ్లి ఒకరింటి బోరు స్విచ్చి వేయించి చూస్తే నీలం నీళ్లు వచ్చాయి. సంగతి రిపోర్టులో పడింది. పడ్డాక ఊరుకుంటే పరువు పోతుందని, రోజుకో ట్యాంకరు మంచినీళ్లు వీధికి పంపడం మొదలుపెట్టారు. మా అన్నయ్య అబద్ధం రాయడని చెల్లెలు నెల్లాళ్లు చెప్పుకు తిరిగింది.

ఇప్పుడు ఆ చెల్లెలే నిలదీసింది.

"డ్రైవరు ఫోనెత్తడు అన్నయ్యా. మనవరాలికి ఒళ్లంతా దద్దుర్లు. ఆ నీళ్లతో దానికి స్నానం చేయించలేను. మీ కంపెనీలో కనుక్కో."

"కనుక్కుంటాలే."

"కనుక్కుంటాలే అని తల గోక్కోకు. కనుక్కో."

రిపోర్టు రాసే అమ్మాయి మేడ మీద అద్దాల గదిలో కూర్చుంటుంది. చెడ్డది కాదు. ఆయన్ని చూడగానే కుర్చీ లాగి వేసింది.

"మీ ఫోటో వేశాం, చూశారా బాబాయిగారూ?"

ఈ ఏటి రిపోర్టు పుస్తకం చేతికిచ్చింది. లోపల మీటరు మీదికి వంగి ఆయనే ఉన్నాడు. కింద పెద్ద అక్షరాలతో, నీటి వాడకంలో అరవై శాతం తగ్గుదల.

"అరవై శాతమా? నాకు తెలీకుండా ఎప్పుడు తగ్గాయమ్మా?"

"మీ పుస్తకంలో అంకెలేనండీ. ఒకటో మీటరూ రెండో మీటరూ కలిపితే అంతే."

"మూడోది?"

"అది ఇప్పుడు మనది కాదు కదా. షెడ్డు కాంట్రాక్టరుకి ఇచ్చేశాం. అప్పగింత కాగితం మీద మీరే సంతకం పెట్టారు."

పెట్టాడు. ఏడాది కిందట మేనేజరు పిలిచి, రేపట్నుంచి మూడోది చూడక్కర్లేదన్నాడు. అర కిలోమీటరు నడక తప్పిందని సంబరపడి పెట్టాడు. ఎందుకని అడగలేదు. ముక్కుసూటి మనిషికి ముక్కు కింద జరిగేది కనబడదు.

"గుడ్డ మనదే, రంగు మనదే, పనివాళ్లూ వాళ్లే. కాలువ కూడా జానెడు కదల్లేదమ్మా."

"నిజమే. కానీ రిపోర్టుకి ఒక గీత ఉంటుంది బాబాయిగారూ. గీత లోపల ఉన్నవే రాస్తాం. షెడ్డు బయటికి వెళ్లిపోయింది."

"అంటే దాచారన్నమాట."

"దాచలేదండీ. ఎనభై నాలుగో పేజీ, అడుగున చూడండి."

చీమ తలకాయంత అక్షరాలు. కళ్లజోడు ముందుకూ వెనక్కూ జరిపి చదివాడు. అప్పగించిన షెడ్డును ఈ లెక్కల్లో కలపలేదని రాసే ఉంది. దాని కింద తనిఖీదారు సంతకమూ ఉంది. అంతా సక్రమమే. తప్పు ఉంటే మీటరాయన పట్టుకునేవాడు. ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.

"మరి ట్యాంకరు?"

అమ్మాయి బల్ల మీది కాగితాలు సర్దింది. అవి సర్ది ఉన్నవే.

"మన యూనిట్ల చుట్టుపక్కల వాళ్లకి చేసే సాయం అది. ఈ రిపోర్టు నుంచి అక్కడ మనకి యూనిట్ లేదు కదండీ. నాకూ బాధగానే ఉంది."

బాధపడటానికి ఏ గీతా అడ్డం రాదు.

కాంట్రాక్టరు మేనేజరుకి స్వయానా బావమరిది. షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"పెద్దాయన దారి తప్పి వచ్చారే."

"ట్యాంకరు నువ్వైనా పంపు."

"కంపెనీ అంటే పుస్తకంలో వేసుకుంటుంది, పంపింది. నాకు పుస్తకమెక్కడిది? పంపి ఎవరికి చూపించుకోను, మా ఆవిడకా?"

రంగు తొట్ల దగ్గరి పనివాళ్లు నవ్వారు. మీటరాయన గోడ వైపు చూశాడు. మూడో మీటరు ఉండాల్సిన చోట పైపు తిన్నగా అతికించి ఉంది.

"మీటరేది?"

"చూసేవాడే లేడుగా. తీయించేశాను. ఇప్పుడు ధార హాయిగా వస్తోంది."

సాయంత్రం చెల్లెలింటికి వెళ్లాడు. ఆమె గుమ్మంలోనే ఎదురైంది. పక్కింటావిడా వచ్చి నిలబడింది.

"ఏమన్నారు?"

"నీళ్ల వాడకం అరవై శాతం తగ్గిందట."

"ఎక్కడ తగ్గింది?"

"పుస్తకంలో."

"తప్పని చెప్పి దిద్దించలేకపోయావా?"

"దిద్దడానికి తప్పు ఉంటేగా."

"మీ అన్నయ్య అబద్ధం రాయడన్నావుగా వదినా, రాయలేదు మరి," అంది పక్కింటావిడ. వెటకారమో జాలో తేల్చుకోకముందే వెళ్లిపోయింది.

"సంతకం పెట్టేముందు ఎందుకని ఒక్క మాట అడగాల్సింది అన్నయ్యా," అంది చెల్లెలు. అంతే. తిట్టినా బాగుండేది.

"రేపట్నుంచి ఫ్యాక్టరీ కుళాయి నుంచి రెండు క్యాన్లు సైకిలు మీద తెస్తాను."

"గేటు దాటనిస్తారా? దాటనిచ్చినా, వీధిలో నలభై గడపలు. నా ఒక్కదాని ఇంటికి నీళ్లొస్తుంటే వీళ్ల మొహాలు ఎలా చూడను?"

లోపల పిల్ల గోక్కుంటూ ఏడుస్తోంది. చెల్లెలు బోరు స్విచ్చి వేసింది. బకెట్టు మీద పాత గుడ్డ నాలుగు మడతలు పరిచి, ఆ కొస పట్టుకోమంది. పట్టుకున్నాడు. నీళ్లు గుడ్డ పైన ఎంత నీలంగా పడ్డాయో, కిందికీ అంతే నీలంగా దిగాయి.

"ఇంకో మడత వేద్దామా?" అన్నాడు.

వేశారు.