ఆమెన్ అనకముందు

మా పెళ్లయి ఇరవై మూడు రోజులు. ఈ ఇరవై మూడు రోజుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినవి మా ఆయన చేతులు. ఆయన కెమెరా లెన్సు తుడుస్తుంటే పసిపిల్ల ముక్కు తుడుస్తున్నట్టే ఉంటుంది. ఆ చేతుల్లో ఎడమ చూపుడు వేలికి మొన్న మంగళవారం నుంచి కట్టు ఉంది. ఫ్లాష్ విప్పుతుంటే షాకు కొట్టింది. వెళ్లి బీరువాకు తగిలి కింద కూర్చుండిపోయారు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఇదంతా మేబెల్ టీచర్ వల్ల వచ్చింది. మారేడ్‌పల్లిలో మా వీధి చివర ఉన్న బడికి ఆవిడే హెడ్మిస్ట్రెస్. బడిలో పిల్లలందరికీ ఫొటోలు తీసే పని మా ఆయనకు ఇస్తానన్నారు. ముందు నమూనాగా ఒకటి తీసి చూపిస్తే పెదవి విరిచారు. "జ్ఞానశేఖర్, ఆ పిల్లవాడి ముక్కు మీద సున్నం కొట్టినట్టుంది. చెవులేమో చీకట్లో ఉన్నాయి. శనివారం ఐదింటికి మీ ఇంటికే వస్తాను. బాగున్నది చూపిస్తే పని నీది."

తప్పు ఫొటో తీసినవాడిది కాదు, ఫ్లాష్‌ది. ముఖం మీద వెలుగు మెత్తగా పడాలని ఫ్లాష్‌ను సాఫ్ట్‌బాక్సులో పెడతారు. అంటే నల్ల గుడ్డ పెట్టె, దాని ముందు తెల్ల గుడ్డ తెర. మా దానికి తెర కుట్టింది నేనే. కానీ ఫ్లాష్ వెలుగు టార్చిలైటులా సూటిగా వచ్చి తెర మధ్యలోనే కొడుతుంది, అంచులు నల్లగా ఉండిపోతాయి. ఏ.ఎస్. రావు నగర్‌లో ఫ్లాష్‌లు బాగుచేసే ఫకీర్ సాబ్ దానికి మందు చెప్పాడు.

"ట్యూబు ముందటి అద్దం, ఎనక రేకు రెండూ పీకెయ్ బేటా. వైర్లు పొడుగు చేసి ట్యూబును డబ్బా నడుమ ఉత్తగ నిలవెట్టు. ఎలుగు చుట్టూర పోయి డబ్బా అంత నిండుతది. కానీ గీ కెపాసిటర్ ఉన్నది చూడు, మూడు వందల ముప్పై వోల్టులు పట్టుకొని కూసుంటది. స్విచ్ బంద్ చేసినా సుత కరుస్తది. ముట్టుకునే ముందు దాని రెండు కాళ్లకు ఒక బల్బు తగిలించు. బల్బు ఎలిగి ఆరిపోతే ఖాళీ అయినట్టు."

మా ఆయన బుద్ధిగా తలూపి వచ్చి, బల్బు సంగతి మరిచిపోయి మంగళవారం నేరుగా వేలు పెట్టబోయారు. నేను "ఏమండీ" అని అరిచాను. ఆ అరుపుకు ఉలిక్కిపడి, తగలని వేలు కాస్తా తగిలించుకున్నారు. ఆ రాత్రి మందు రాస్తూ, ఇక బల్బు పని నాదని చెప్పాను. డిగ్రీలో ఫిజిక్సు చదివింది మరి ఎందుకు.

"నువ్వు చెప్పినంకనే ముట్టుకుంట," అన్నారు.

మొదట 'ఖాళీ' అనే మాట అనుకున్నాం. రెండుసార్లకే అది పనికిరాలేదు. నేను "ఖాళీ" అంటే ఆయన "ఖాళీనా?" అంటారు. ఎవరు అడుగుతున్నారో ఎవరు చెప్తున్నారో తెలియదు. అప్పుడాయన నవ్వి, "ఆమెన్ అను," అన్నారు. "ఆ మాటను ప్రశ్న లెక్క ఎవరూ అడగరు. ఆమెన్ అంటే అయిపోయినట్టే."

నాకు ఎంత ముచ్చటేసిందో. రెండు రోజులు మా గదిలో బల్బు భగ్గున వెలిగి ఆరడం, నేను ఆమెన్ అనడం, ఆయన పని మొదలుపెట్టడం.

శనివారం మూడింటికి రెండు వైర్లు అతికాయి. మూడోది మిగిలి ఉండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ చల్లారుతోంది. మేం చూసుకోకుండా ఉన్నప్పుడు కరెంటు వస్తే ప్రమాదమని నేను గోడ దగ్గరికి వెళ్లి రెండు స్విచ్చులూ ఆగిపోయేలా పైకి నొక్కాను, ఐరన్‌దీ ఫ్లాష్‌దీ. ఆ అద్దె ఇంటి బోర్డులో ఒక స్విచ్చు తలకిందులుగా బిగించి ఉందన్న సంగతి ఇంట్లో వాళ్ల చేతులకు తెలుసు. నా చేతికి ఇంకా తెలియదు.

మూడున్నర దాటింది, నాలుగు దగ్గర పడింది. మా ఆయన కుదురుగా ఉండలేకపోయారు.

"కృపా, బల్బు పెట్టు. కరెంటు వచ్చేలోపు మూడో వైరు చుట్టి పెట్టుకుంట. వచ్చినంక అతికిస్తే సరిపోతది."

బల్బు వైర్లు కెపాసిటర్‌కు తగిలించాను. వెలగలేదు, లోపల ఏమీ లేదని తీసేశాను. ఆయన ఎడమ చేత్తో రాగి తీగ పట్టుకుని కెపాసిటర్ కాళ్లకు గోరంత దూరంలో ఆపి, నా మాట కోసం చూస్తున్నారు. నేను నోరు తెరిచాను. అప్పుడే అత్తయ్య లోపలికి వచ్చారు.

"ఏరా, ఐదింటికి ఆవిడొస్తుంది గదా, ప్రార్థన చేసుకునే మొదలెట్టారా?"

మా ఇద్దరి ముఖాలు చూసి ఆవిడకు అర్థమైంది. "అదే మరి. అందుకే వేలు కాలింది, కరెంటూ పోయింది. కళ్లు మూసుకోండి."

అత్తయ్య రోసమ్మగారు బాపట్ల దగ్గర పుట్టి, ముప్పై ఏళ్లు సికింద్రాబాద్‌లో పాఠాలు చెప్పిన మనిషి. ఆవిడ కళ్లు మూసుకోమంటే ఎక్కడివాళ్లు అక్కడే మూసుకోవాలి. మా ఆయన తీగ పట్టుకున్న చేయి అలాగే ఉంచి తల వంచారు.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఈ పగటివేళ నీ సన్నిధికి వచ్చుచున్నాము..."

నెత్తి మీద ఫ్యాను కదిలింది. కరెంటు వచ్చిందని నాకు సంతోషం కలిగింది. ఆ వెంటనే సన్నగా, దోమ కూసినట్టు ఒక చప్పుడు. నాకది తెలుసు. కెపాసిటర్ నిండుతున్నప్పుడు వచ్చే కూత అది. ఒక కన్ను తెరిచాను. ఫ్లాష్ వెనక నారింజరంగు దీపం వెలిగి ఉంది. నిండిపోయింది.

ఆయన వేళ్లు గోరంత దూరంలోనే ఉన్నాయి. కళ్లు మూసుకుని ఉన్నారు. ఫ్యాను గాలికి ఆ కూత ఆయన చెవిన పడ్డట్టు లేదు. ఆయనకు తెలిసిందల్లా బల్బు పెట్టాననీ, వెలగలేదనీ, ఇక ఆమెన్ వినబడటమే తరువాయనీ.

అరవాలనుకున్నాను. మంగళవారం అరుపు గుర్తొచ్చి మానుకున్నాను. చేయి లాగుదామా? లాగితే ఎటు పోతుందో. బల్బు తగిలిద్దామంటే ఆ కాళ్లకు అడ్డంగా ఆయన వేళ్లే ఉన్నాయి.

"బొల్లారంలో మా చెల్లెలు లీలాకుమారి మోకాళ్లను జ్ఞాపకము చేసుకొనుము..."

అత్తయ్య ప్రార్థనకు వరుస ఉంది. మోకాళ్ల తరవాత చర్చి పైకప్పు, పైకప్పు తరవాత ముగింపు. రోజూ మోకాళ్ల దగ్గరకు వచ్చేసరికి మనసులో తొందరపెట్టేదాన్ని. ఇవాళ ఆ పిన్ని రెండు మోకాళ్లకూ విడివిడిగా ప్రార్థన చేస్తే బాగుండుననిపించింది. చేయలేదు. పైకప్పు కూడా ఒక్క వాక్యంలో అయిపోయింది. వానాకాలం దాటింది కాబోలు.

"...నీ ప్రియకుమారుడైన యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ..."

"అవును తండ్రీ," అన్నాను నేను.

ఈ ఇంటికి వచ్చాక నేను పైకి ప్రార్థన చేయడం అదే మొదలు. అత్తయ్య ఆమెన్‌ను నోట్లోనే ఆపుకున్నారు. "స్తోత్రం," అన్నారు, ఎంతో సంతోషంగా.

"నీ దాసుడైన జ్ఞానశేఖర్ తన ఎడమచేతిని కదపకుండునట్లు కృప చూపుము."

"స్తోత్రం."

"కరెంటు వచ్చియున్నది తండ్రీ. స్విచ్చి వేసియున్నది. నారింజ దీపము వెలుగుచున్నది."

"స్తో..." అత్తయ్య ఆగారు.

"అతడు కన్నులు తెరచి ఆ దీపమును చూచును గాక. తన వేళ్లను మెల్లగా, మిక్కిలి మెల్లగా, వెనుకకు తీసికొనును గాక."

ఆయన కళ్లు తెరిచారు. దీపం చూశారు. చేయి మాత్రం ఉలిక్కిపడలేదు. నిండు టీకప్పును వెనక్కి జరుపుతున్నట్టు ఆ చేతిని జరిపి, తెచ్చి ఛాతీకి ఆనించుకున్నారు.

నేను గోడ దగ్గరికి పరిగెత్తి, తలకిందులుగా ఉన్న ఆ ఫ్లాష్ స్విచ్చును కిందికి నొక్కి ఆపాను. వెనక్కి వచ్చి బల్బు తగిలించాను. గదంతా ఒక్కసారి పసుపు పచ్చగా వెలిగింది, ఆరింది. ఎవరూ ఆమెన్ అనలేదు.

"అది ప్రార్థనేనా అమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

"ప్రార్థనే అత్తయ్యా." నేను మంచం మీద కూర్చుండిపోయాను.

మా ఆయన సంగతంతా చెప్పారు. అత్తయ్య మొదట ఆయన చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఐదు వేళ్లూ ఉన్నాయని తేలాక మొదలుపెట్టారు.

"ఆమెన్ అనే మాట ప్లగ్గులకీ బల్బులకీ వాడతారా? డిగ్రీలు చదివారు ఇద్దరూ. లెగు, ఐరన్ పెట్టు. స్విచ్చి దగ్గర నేను నిలబడతా. నేను 'ముట్టుకోరా' అంటేనే ముట్టుకో."

"ముట్టుకోవాల్నా అమ్మా?"

"నోరు ముయ్యి. ముట్టుకోరా."

నాలుగున్నరకు మూడో వైరు అతికింది. ట్యూబుకు ఏమీ తగలకుండా దాని మీద ఖాళీ జామ్ సీసా బోర్లించి, సాఫ్ట్‌బాక్సు నడుమ బిగించారు. నమూనాకు ఒక ముఖం కావాలి. నేను సాఫ్ట్‌బాక్సు పట్టుకోవాలి గనుక నాకు కుదరదన్నాను. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టాం. ఫ్లాష్ కొట్టగానే తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్కలా తెల్లబడింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఐదుకు ఐదు నిమిషాల ముందే వచ్చిన మేబెల్ టీచర్ కళ్లజోడు సవరించుకుని, కెమెరా తెర మీద బొమ్మను చాలాసేపు చూశారు. మా ఆయన ఊపిరి బిగబట్టారు. ఆయన ఎడమ చేయి నా చేతిలో ఉంది, టీచర్ ముందని కూడా చూడకుండా.

"ముక్కు ముక్కులాగే ఉంది. చెవులు రెండూ కనబడుతున్నాయి," అన్నారు ఆవిడ. "సోమవారం ఒకటో తరగతితో మొదలుపెట్టు. కానీ శేఖర్, రోసమ్మగారు నోరు తెరిచి ఎవర్ని తిడుతున్నారు?"

"మా ఇద్దరినే టీచర్," అన్నారు మా ఆయన. "ఇంకా అయిపోలేదు."