ఒకవైపు కాగితాలు

మధ్యాహ్నం మూడుంబావుకి ఆమె నవల మొదటి చిత్తుప్రతి పూర్తయింది.

ఆ మాట చెప్పడానికి ఇంట్లో అత్తగారొక్కరే ఉన్నారు.

"అత్తయ్యా, నవల అయిపోయింది."

"అమ్మయ్య! ఇక ఆ బట్టలు తీసుకురా. మబ్బు పట్టింది."

ఆమె బట్టలు తెచ్చి మడతపెట్టడానికి కూర్చుంది. చేతులు మడతపెడుతున్నాయి గాని మనసు పాత నవల మీద ఉంది. పెళ్ళికి ముందు ప్రెస్సులో ప్రూఫులు దిద్దే రోజుల్లో మొదలుపెట్టింది దాన్ని. ఇల్లు వదిలి వెళ్ళాలా వద్దా అని గడప దగ్గర నిలబడిపోయిన ఒకావిడ కథ. చివరి అధ్యాయం ఎన్నిసార్లు రాసినా కుదరలేదు. కూతురు కడుపున పడ్డ ఏడాది అట్టపెట్టెలో పెట్టేసింది. ఒక్క నవల ఎలాగోలా ముగించడం చేతనైతే దీన్నీ ముగించవచ్చు అనుకుని కొత్తది మొదలుపెట్టింది. కుక్కర్ కూతకీ కూతకీ మధ్య రాసింది. భర్త కూతురితో "మీ అమ్మకి పరీక్షలు దగ్గరపడ్డాయే, కదిలించకు" అనేవాడు. ఆడపడుచు ఫోన్ చేసి "వదినా, అందులో మా గురించేం రాయట్లేదు కదా?" అని నవ్వేది. ఫోన్ చేసిన ప్రతిసారీ అడిగేది. కొత్త నవల చేయి తిరగడానికి రాసుకున్నదని, అసలు పుస్తకం పాతదేనని ఆమె ఎవరితోనూ అనలేదు.

బట్టలు సర్దేసి ముందుగదిలోకి వెళ్ళింది. ఆ గదిలో భర్త పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తాడు. అక్కడి బీరువాలో కింది అర ఆమెది. అట్టపెట్టె లాగితే తేలిగ్గా వచ్చేసింది. లోపల పేరు రాసుకున్న మొదటి పేజీ, దాని కింద ఓ పదిదాకా కాగితాలు ఉన్నాయి.

"అత్తయ్యా, ఇందులో కాగితాలు ఏమయ్యాయి?"

"ఒకవైపు కాగితాలా? ట్యూషన్ పిల్లలకి చిత్తు లెక్కలకి ఇస్తున్నాడుగా వాడు."

ప్రెస్సుకి ఇచ్చే రాత కాగితానికి ఒకవైపే ఉండాలి. రెండువైపులా రాస్తే కంపోజ్ చేసేవాళ్ళు తిడతారు. ఉద్యోగంలో చేరిన రోజే అది ఆమెకి చెప్పారు. అప్పటినుంచి అలాగే రాస్తోంది. ఈ ఇంట్లో మాత్రం ఒకవైపు తెల్లగా ఉన్న కాగితాన్ని ఊరికే ఉంచరు.

సాయంత్రం భర్త వచ్చాక అడిగింది.

"వెనకవైపే వాడాంలే," అన్నాడు. "నువ్వు రాసినవైపు ఒక్కడు కూడా గీత పెట్టలేదు. ఆంటీ రాసుకున్నవి, అటు గీయకండర్రా అని మరీ చెప్పాను."

"ఇప్పుడవి ఎక్కడున్నాయి?"

"ఎవరి లెక్కలు వాళ్ళు పట్టుకుపోతారుగా. అయినా అంతా నీ బుర్రలోదేగా? మళ్ళీ రాసెయ్. ఈసారి ఇంకా బాగా వస్తుంది."

వెటకారానికి అన్నది కాదు. లెక్కల్లో ఏ సిద్ధాంతాన్నయినా అతను పుస్తకం చూడకుండా రాసేస్తాడు.

ఆమె పొయ్యి ముందు నిలబడి రెండో అధ్యాయంలో మొదటి వాక్యం గుర్తుచేసుకోబోయింది. రాలేదు. అందులో ఏం జరుగుతుందో తెలుసు, ఏ మాటలతో చెప్పిందో తెలియదు. వెతుకుతూ ఉండగానే అన్నం మాడింది. "రచయిత్రిగారి వంట," అన్నాడు భర్త. కూతురు నవ్వింది. ఆమె కూడా నవ్వి, మాడు గోకి తన కంచంలో పెట్టుకుంది.

మర్నాడు ట్యూషన్ వేళ గుమ్మంలో నిలబడి ఆ కాగితాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని పిల్లల్ని అడిగింది. వాళ్ళు మాస్టారి మొహం చూశారు. "క్లాసు మధ్యలో ఏంటిది?" అన్నాడతను.

ఆ వారం ఒక్క కాగితమూ తిరిగి రాలేదు. శనివారం ఒకావిడ వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుంది, ట్యూషన్ అయ్యాక తన కూతుర్ని తీసుకెళ్ళడానికి వస్తూ ఉంటుంది. పిల్లతో తిరిగి వెళ్తూ మెట్ల దగ్గర ఆగింది.

"కాగితాలు అడుగుతున్నారటగా మీరు? మా ఇంట్లో లేవండీ. పాత పేపర్లతో పాటు అమ్మేశాం. అవి రాసింది మీరేనా?"

"నేనే."

"అయ్యో, తెలిస్తే దాచేదాన్ని కదండీ! పిల్ల లెక్కలు చేసుకున్నాక తిప్పి చదివేదాన్ని. వరసగా వచ్చి చస్తేనా! ఓ రోజు పెళ్ళయిపోయేది, మరో వారానికి పెళ్ళిచూపులు. ఆ తోడికోడలు ఉంది చూశారూ, దాని నోట్లో మన్ను పడ, అచ్చం మా తోడికోడలే. మా ఇంటికొచ్చి చూసి రాశారా ఏంటి?"

 ఆ నవల చదివిన మనిషిని ఆమె చూడడం అదే మొదలు.

"చివరిది మీకు దొరికిందా?" అని అడిగింది.

"దొరక్కేం? వెళ్ళిపోయిందిగా ఆవిడ. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. చెప్పులు విప్పేసి కాళ్ళు సీటు మీద పెట్టుకుంది. అది చదివి ఆ పూట నేను అన్నం కూడా తినలేదండీ."

ఆ నవలలో ఎక్కడా బస్సు లేదు. కథలో ఆవిడ గడప దాటిన వాక్యం ఆమె ఏనాడూ రాయలేదు.

"నేనలా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

మందుల షాపావిడ ఆమె మొహంలోకి చూస్తోంది. "అంతేగా? వెళ్ళిపోయిందిగా?"

లోపల్నుంచి భర్త కేక వేశాడు. "ఇదిగో, టీ ఏమైంది?"

"కాసేపు కూర్చుంటారా?" అంది ఆమె. "మీకు గుర్తున్నదంతా చెప్పండి. మొదట్నుంచీ."

"నేను చెప్పడమేంటండీ మీకు!" అంటూనే ఆవిడ మెట్టు మీద కూర్చుంది. పిల్ల సంచిలోంచి ఆమెకి పెన్ను, కాగితం తీసి ఇచ్చింది. "మొదలు నాకు తెలీదండీ. చివర్నుంచి చెప్పనా?"

"అలాగే చెప్పండి."

"బస్సెక్కింది."

టీ కోసం లోపల్నుంచి రెండో కేక వినపడింది. బస్సెక్కింది అని ఆమె రాసుకుంది.